సొంత మెయిల్ సర్వర్‌లో ఫ్రమ్ అడ్రస్ తప్పుగా వెళ్తుంటే: వెతకడం, సరిచెయ్యడం వరసగా

సొంతంగా మెయిల్ సర్వర్ పెట్టుకున్నోళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మెయిల్ వెళ్తోంది గాని మేం పెట్టిన అడ్రస్‌తో వెళ్ళట్లేదు అంటారు, లేదంటే అడ్రస్ బానే కనిపిస్తోంది గాని అవతలోళ్ళకి స్పామ్‌లో పడుతోంది అంటారు. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే ఆయన, గాజువాక ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టున్న మా బావ, రుషికొండలో స్టార్టప్ పెట్టిన కుర్రాళ్ళు, అందరూ అడిగింది ఇదే, అందరూ ముందుగా చేసింది కూడా ఒకటే, నెట్‌లో దొరికిన నాలుగు లైన్లు తెచ్చి మెయిన్.సిఎఫ్ అనే సెట్టింగుల ఫైల్లో అతికించేశారు. అలా అతికించాక అసలు తప్పు ఎక్కడుందో వెతకడం ఇంకా కష్టమవుద్ది. అందుకని ఏది ముందు చూడాలో, ఏది తర్వాత ముట్టుకోవాలో ఆ వరసలోనే రాస్తున్నా.

ఇదంతా డెబియన్ లేదా ఉబుంటు మీద పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాం పెట్టుకున్నోళ్ళ కోసం. ఉదాహరణకి డొమైన్ మనకొట్టు.ఎగ్జాంపుల్ అనుకుందాం, సర్వర్ పేరు మెయిల్.మనకొట్టు.ఎగ్జాంపుల్, బిల్లులు వెళ్ళాల్సిన అడ్రస్ బిల్స్@మనకొట్టు.ఎగ్జాంపుల్. సెట్టింగుల పేర్లు ఇక్కడ తెలుగులో రాశా, ఫైల్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చెయ్యాలి, అండర్‌స్కోర్ ఎక్కడ చూపించానో అక్కడే పెట్టాలి.

1. ముందు ఇది బుర్రలో పెట్టుకోండి: పంపినవారి అడ్రస్ ఒక్కటి కాదు

ఒక మెయిల్ బయటికెళ్ళేటప్పుడు పంపినవాళ్ళు ఎవరని చెప్పే చోట్లు చాలా ఉంటాయి. అవన్నీ ఒకటే అనుకోవడం వల్లే సగం గొడవలు.

మొదటిది కవరు అడ్రస్. సర్వర్లు రెండూ మాట్లాడుకునేటప్పుడు మెయిల్ ఫ్రమ్ అని చెప్పుకునేది. మెయిల్ చేరకపోతే బౌన్స్ దీనికే తిరిగొస్తుంది, చేరితే అవతలి సర్వర్ దీన్ని రిటర్న్-పాత్ అనే లైన్లో రాసి పెడుతుంది. ఎస్‌పిఎఫ్ (ఒక డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో డిఎన్ఎస్‌లో రాసి పెట్టే జాబితా) చెక్ చేసేది దీని డొమైన్‌నే.

రెండోది ఫ్రమ్ లైన్. మనిషి కంటికి ఇన్‌బాక్స్‌లో కనిపించేది ఇదే. రిప్లై-టు వేరేగా పెట్టకపోతే జవాబు కూడా దీనికే వస్తుంది. డిమార్క్ (ఈ పరీక్షలు ఫెయిల్ అయితే మెయిల్‌ని ఏం చెయ్యాలో డొమైన్ ఓనర్ రాసి పెట్టే రూలు) చూసేది దీని డొమైన్.

మూడోది లాగిన్ పేరు, అంటే 587 లేదా 465 పోర్టులో ఏ యూజర్‌తో లాగిన్ అయి పంపుతున్నారో అది. నాలుగోది సర్వర్ తన పేరు చెప్పుకునే హెలో పేరు. వీటికి తోడు డికిమ్ సంతకంలో (మెయిల్ దారిలో మారలేదని చూపించే డిజిటల్ సంతకం) ఉండే డొమైన్ ఒకటి.

డిమార్క్ పాస్ అవ్వాలంటే ఎస్‌పిఎఫ్ గాని డికిమ్ గాని పాస్ అయితే చాలదు, పాస్ అయిన ఆ డొమైన్ ఫ్రమ్ లైన్లో ఉన్న డొమైన్‌తో కలవాలి కూడా. ఎస్‌పిఎఫ్ పాస్ అని రాసి ఉన్నా స్పామ్‌కి ఎందుకెళ్ళింది అని అడిగేవాళ్ళలో చాలామంది దగ్గర జరిగేది ఇదే, పాస్ అయింది వేరే డొమైన్‌కి.

బావ కొట్టులో అయింది చెప్తా. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి బిల్లులు వెళ్తున్నాయి, ఫ్రమ్ లైన్ చక్కగా ఉంది. ఒకరోజు ఫోన్ చేసి "ఏటి బావా, అనకాపల్లి పార్టీకి మూడు బిల్లులు పంపేను, ఒకటీ రాలేదంటన్నారు, మనకేమో ఫెయిల్ అయినట్టు కూడా రావట్లేదు" అన్నాడు. సర్వర్లోకెళ్ళి /వార్/మెయిల్ ఫోల్డర్ చూస్తే అందులో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా పేరు మీద ఒక లావుపాటి ఫైల్ ఉంది. తెరిస్తే మూడు నెలల బౌన్సులు. మెయిల్‌బాక్స్ నిండిపోయింది అని కొన్ని, అడ్రస్ లేదు అని కొన్ని, అనకాపల్లి ఆయన అడ్రస్‌లో ఒక అక్షరం తప్పు పడిందని అక్కడే రాసి ఉంది. కవరు మీద వెబ్ సర్వర్ యూజర్ పేరు పడటం వల్ల అవన్నీ ఎవరూ చూడని ఆ ఫైల్లోకి పోయాయి. ఫ్రమ్ లైన్ బాగుంది కదా అని కవరు చూడకపోతే ఇలాగే అవుద్ది.

2. చెయ్యి పెట్టే ముందు

ఈ నాలుగూ చెయ్యకుండా ఒక్క లైన్ కూడా మార్చొద్దు.

- /ఈటిసి/పోస్ట్‌ఫిక్స్ ఫోల్డర్ మొత్తం కాపీ తీసి పక్కన పెట్టుకోండి, కాపీ పేరులో తేదీ రాయండి.
- పోస్ట్‌కాన్ఫ్ -ఎన్ కొట్టి వచ్చినదంతా ఒక ఫైల్లో సేవ్ చేసుకోండి. మెయిన్.సిఎఫ్‌లో ఒకే సెట్టింగ్ రెండుసార్లు రాసి ఉంటే పోస్ట్‌ఫిక్స్ చివరిదాన్నే తీసుకుంటుంది, ఈ కమాండ్ చూపించేది ఆ అసలుదే.
- డిఎన్ఎస్ రికార్డుల టిటిఎల్ (పాత రికార్డుని ఎంతసేపు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే అంకె) ముందురోజే 300 సెకన్లకి తగ్గించండి. లేదంటే రికార్డు మార్చాక కూడా పాతదే గంటల తరబడి కనిపించి, మనం చేసిన మార్పు పని చెయ్యలేదేమో అని ఇంకోటి మారుస్తాం.
- టెస్టింగ్‌కి బయటి మెయిల్‌బాక్సులు రెండు వేర్వేరు కంపెనీలవి పెట్టుకోండి. మీ సర్వర్లోనే ఉన్న ఇంకో అకౌంట్‌కి పంపి చూస్తే ఏమీ తెలీదు, ఆ మెయిల్ బయటికే వెళ్ళదు కాబట్టి.

ఇంకోటి, సర్వర్ ఎంవిపి కాలనీలో ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ మీద నడుపుతుంటే ఈ మార్గదర్శి మొత్తం చేసినా మెయిల్స్ సరిగ్గా చేరకపోవచ్చు. ఇంటి కనెక్షన్లలో ఐపీ మారిపోతుంటుంది, పిటిఆర్ రికార్డు (ఐపీ నుంచి పేరు చూపించే డిఎన్ఎస్ రికార్డు) మన చేతిలో ఉండదు, 25 పోర్టు బయటికి మూసేసి ఉండొచ్చు. అలాంటప్పుడు పిటిఆర్ పెట్టుకోనిచ్చే విపిఎస్‌కి (అద్దెకి దొరికే సర్వర్) మారండి, లేదంటే బయటికి పంపడానికి రిలే సర్వీస్ (మన బదులు మెయిల్ పంపిపెట్టే కంపెనీ) వాడండి.

3. అసలు ఏ అడ్రస్‌తో వెళ్తోందో కళ్ళతో చూడండి

సమస్య ఇస్తున్న ప్రోగ్రాం నుంచే ఒక టెస్ట్ మెయిల్ పంపండి. టెర్మినల్ నుంచి పంపి చూసి బానే ఉంది అనుకోవద్దు, ఆ దారి వేరు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ దారి వేరు.

అవతల జీమెయిల్ అయితే మూడు చుక్కల మెనూలో ఒరిజినల్ చూపించు నొక్కండి. మూడు లైన్లు ఒక కాగితం మీద రాసుకోండి: రిటర్న్-పాత్, ఫ్రమ్, అథెంటికేషన్-రిజల్ట్స్. మూడో లైన్లో ఎస్‌పిఎఫ్ ఏ డొమైన్‌కి పాస్ అయిందో, డికిమ్ ఏ డొమైన్‌కి పాస్ అయిందో పక్కనే ఉంటుంది, అది వదిలెయ్యకుండా చూడండి.

తర్వాత సర్వర్ లాగ్. /వార్/లాగ్/మెయిల్.లాగ్ ఉంటే అది, లేకపోతే జర్నల్‌సిటిఎల్ -యు తర్వాత పోస్ట్‌ఫిక్స్ పక్కన నక్షత్రం గుర్తు పెట్టి కోట్స్‌లో ఇవ్వండి. డెబియన్ 12 నుంచి ఆర్‌సిస్‌లాగ్ దానంతటది రాదు కాబట్టి ఆ ఫైల్ లేకపోయినా కంగారు పడక్కర్లేదు.

లాగ్‌లో ఆ మెయిల్ క్యూ ఐడి (పోస్ట్‌ఫిక్స్ ప్రతి మెయిల్‌కి ఇచ్చే గుర్తు) పట్టుకుని చూస్తే ఎక్కడ పుట్టిందో తెలిసిపోద్ది. పికప్ అని మొదలయ్యే లైన్ ఉంటే మెయిల్ సర్వర్ లోపలే సెండ్‌మెయిల్ కమాండ్‌తో పుట్టింది, అదే లైన్లో యుఐడి=33 ఉంటే డెబియన్‌లో అది వెబ్ సర్వర్ యూజర్, యుఐడి=0 అయితే రూట్, అంటే ఎక్కువగా క్రాన్ (టైము ప్రకారం పనులు నడిపేది). అదే ఎస్ఎంటిపిడి లైన్ ఉండి అందులో సాస్ల్_యూజర్‌నేమ్ కనిపిస్తే ఎవరో లాగిన్ అయి పంపారు. క్యూఎంజిఆర్ లైన్లో కనిపించే ఫ్రమ్ మాత్రం కవరు అడ్రస్, ఫ్రమ్ లైన్ కాదు, ఇక్కడ చాలామంది పొరబడతారు.

ఫ్రమ్ లైన్ కూడా లాగ్‌లో పడాలంటే హెడర్_చెక్స్‌కి ఒక చిన్న రెగ్ఎక్స్‌ప్ (అక్షరాల నమూనాలు రాసే) ఫైల్ ఇచ్చి, ఫ్రమ్ అని మొదలయ్యే హెడర్‌కి ఎదురుగా ఇన్ఫో అని పెట్టండి. పని అయ్యాక తీసేయండి.

ఇంకో మంచి పద్ధతి ఉంది. డిఫర్_ట్రాన్స్‌పోర్ట్స్ = ఎస్ఎంటిపి అని పెట్టి రీలోడ్ చేస్తే బయటికెళ్ళే మెయిల్స్ క్యూలో ఆగిపోతాయి, అప్పుడు పోస్ట్‌క్యాట్ -క్యూ తర్వాత క్యూ ఐడి ఇచ్చి కవరూ హెడర్లూ తీరిగ్గా చూడొచ్చు. చూశాక ఆ లైన్ తీసేసి, రీలోడ్ చేసి, పోస్ట్‌క్యూ -ఎఫ్ కొట్టండి. కొట్టు మూసేశాక రాత్రి పూట చేసుకోండి, పగలు చేస్తే బిల్లులన్నీ ఆగిపోతాయి.

4. సర్వర్ పేరు సరిచెయ్యడం

అడ్రస్ చివర లోకల్‌డొమైన్ అనో, విపిఎస్ కంపెనీ ఇచ్చిన వింత పేరో కనిపిస్తుంటే సమస్య ఇక్కడే. డొమైన్ లేకుండా ఉత్తి రూట్ అనో బిల్స్ అనో వచ్చిన అడ్రస్‌కి పోస్ట్‌ఫిక్స్ మైఆరిజిన్‌లో ఉన్నది తగిలిస్తుంది. ఏమీ పెట్టకపోతే మైఆరిజిన్ అంటే మైహోస్ట్‌నేమ్. డెబియన్, ఉబుంటులో మాత్రం అది సాధారణంగా /ఈటిసి/మెయిల్‌నేమ్ ఫైల్ నుంచి తీసుకునేలా ఉంటుంది, అందుకే మెయిన్.సిఎఫ్‌లో ఎంత వెతికినా ఆ తప్పు పేరు దొరకదు, అది ఆ ఫైల్లో కూర్చుని ఉంటుంది.

ఇలా పెట్టండి:

1. మైహోస్ట్‌నేమ్ = మెయిల్.మనకొట్టు.ఎగ్జాంపుల్. డిఎన్ఎస్‌లో ఈ పేరుకి A రికార్డు (పేరు నుంచి ఐపీ చూపించేది) ఉండాలి, ఆ ఐపీకి పిటిఆర్ మళ్ళీ ఇదే పేరు చూపించాలి. పిటిఆర్ పెట్టేది డొమైన్ కొన్నచోట కాదు, విపిఎస్ ఇచ్చినోళ్ళ ప్యానెల్‌లో.
2. మైఆరిజిన్ లేదా మెయిల్‌నేమ్ ఫైల్లో మనకొట్టు.ఎగ్జాంపుల్.
3. డొమైన్ మెయిల్‌బాక్సులు వర్చువల్‌గా (సర్వర్ యూజర్లుగా కాకుండా విడి జాబితాలో) ఉంటే మైడెస్టినేషన్‌లో లోకల్‌హోస్ట్, సర్వర్ పేరు ఉంటే చాలు. అలాంటోళ్ళు అదే డొమైన్‌ని ఇక్కడ కూడా రాయకూడదు, రెండుచోట్లా రాస్తే లాగ్‌లో హెచ్చరిక వస్తుంది, మెయిల్స్ కూడా వెళ్ళాల్సిన చోటికి వెళ్ళవు.
4. /ఈటిసి/ఎలియాసెస్‌లో రూట్‌కి, పోస్ట్‌మాస్టర్‌కి, వెబ్ సర్వర్ యూజర్‌కి మీరు రోజూ చూసే అడ్రస్ ఇచ్చి న్యూఎలియాసెస్ కొట్టండి. బావ కొట్టు విషయంలో నేను మొట్టమొదట చేసింది ఇదే, మిగతాది సరిచేసేలోపు బౌన్సులైనా కంటికి కనిపించాలి కదా.

ఐపీవి6 ఉన్న విపిఎస్ అయితే దానికి కూడా పిటిఆర్, ఎస్‌పిఎఫ్ రెండూ ఉండాలి. పెట్టే ఓపిక ఇప్పుడు లేకపోతే ఐనెట్_ప్రోటోకాల్స్ = ఐపీవి4 పెట్టి పోస్ట్‌ఫిక్స్ రీస్టార్ట్ చెయ్యండి, దీనికి రీలోడ్ చాలదు.

5. మెయిల్ పుట్టే చోటే సరిచెయ్యండి

నా మాట వినండి, సర్వర్లో అడ్రస్ మార్పించడం కంటే పంపే ప్రోగ్రాంలోనే సరిగ్గా పెట్టుకోవడం వెయ్యి రెట్లు నయం. ఆర్నెల్ల తర్వాత ఇంకొకరు వచ్చి చూసినా అర్థమవుద్ది.

పిహెచ్‌పి: మెయిల్ ఫంక్షన్ వాడేవాటిలో హెడర్‌లో ఫ్రమ్ పెట్టినంత మాత్రాన కవరు మారదు. ఐదో ఆర్గ్యుమెంట్‌గా -ఎఫ్ పక్కనే అడ్రస్ ఇవ్వాలి, లేదా పిహెచ్‌పి.ఐఎన్ఐలో సెండ్‌మెయిల్_పాత్ చివర -ఎఫ్ చేర్చాలి. సెండ్‌మెయిల్_ఫ్రమ్ అనే సెట్టింగ్ విండోస్ కోసం, లినక్స్‌లో అది మార్చి ఎదురుచూస్తే ఏమీ అవ్వదు. కుదిరితే మెయిల్ ఫంక్షన్ మానేసి ప్రోగ్రాం చేత 587లో లాగిన్ చేయించి పంపించండి, బావకి చివరికి అలాగే పెట్టా.

క్రాన్: క్రాన్‌ట్యాబ్ పైన మెయిల్‌టు పెట్టండి, అది ఎవరికి వెళ్ళాలో చెప్తుంది. స్క్రిప్టు తనే మెయిల్ పంపుతుంటే సెండ్‌మెయిల్‌కి -ఎఫ్‌తో కవరు అడ్రస్ ఇచ్చి, మెసేజ్‌లో ఫ్రమ్ లైన్ కూడా రాయండి.

నెక్స్ట్‌క్లౌడ్: అడ్రస్‌లో @కి ముందుది ఒక గడిలో, డొమైన్ ఇంకో గడిలో పెట్టాలి. మొత్తం అడ్రస్ మొదటి గడిలోనే రాసేస్తే డొమైన్ రెండుసార్లు పడుతుంది.

రౌండ్‌క్యూబ్: యూజర్ మొదటిసారి లాగిన్ అయినప్పుడే ఐడెంటిటీ తయారైపోతుంది. మెయిల్_డొమైన్ సెట్టింగ్ తర్వాత మార్చినా పాత ఐడెంటిటీలు మారవు, ఒక్కొక్కళ్ళ సెట్టింగ్స్‌లోకెళ్ళి మార్చాల్సిందే.

డాకర్ కంటైనర్లు: కంటైనర్‌కి హోస్ట్‌నేమ్ ఇవ్వకపోతే దాని ఐడినే పేరైపోద్ది, రూట్@ తర్వాత అర్థం లేని అక్షరాలు, అంకెలు కనిపిస్తే అది ఇదే.

ఆఫీసు ప్రింటర్: స్కాన్ చేసి మెయిల్ పంపే మెషీన్లలో పంపేవారి అడ్రస్ గడి విడిగా ఉంటుంది, మెషీన్ పెట్టినాయన అక్కడ తన కంపెనీ అడ్రస్ వదిలేసి వెళ్ళి ఉండొచ్చు, ఓసారి చూసుకోండి.

పేరు రాసే చోట కూడా ఒక తప్పు జరుగుతుంది, అందరూ అడ్రస్‌నే చూస్తారు గాని దీన్ని చూడరు. మన షాపుల పేర్లలో కామాలు ఎక్కువ. ఏదో ట్రేడర్స్, గాజువాక అని పేరు పెట్టి చుట్టూ డబుల్ కోట్స్ పెట్టకపోతే, కామా దగ్గర ఒక అడ్రస్ అయిపోయి ఇంకోటి మొదలైందని మెయిల్ ప్రోగ్రాం అనుకుంటుంది, అప్పుడు ఫ్రమ్ లైన్లో రెండు అడ్రస్‌లు ఉన్నట్టు లెక్క, కొన్ని సర్వర్లు అలాంటిదాన్ని తిప్పి పంపేస్తాయి. పేరులో చుక్కలున్నా కోట్స్ పెట్టండి. పేరు తెలుగులో పెట్టుకోవచ్చు, మంచి మెయిల్ లైబ్రరీ అయితే దాన్ని సరిగ్గా ఎన్‌కోడ్ చేసి పంపుతుంది. @కి ముందు మాత్రం తెలుగు అక్షరాలు వద్దు, దానికి దారిలో ఉన్న సర్వర్లన్నీ ఎస్ఎంటిపియుటిఎఫ్8 తెలిసినవై ఉండాలి.

6. మార్చలేని ప్రోగ్రాం అయితే సర్వర్లో మార్పించడం

పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్, ఇలాంటివి మన మాట వినవు. అప్పుడు పోస్ట్‌ఫిక్స్ చేత మార్పించాలి. రెండు దారులున్నాయి, తేడా తెలుసుకుని వాడండి.

సెండర్_కెనానికల్_మ్యాప్స్: మెయిల్ సర్వర్లోకి వచ్చినప్పుడే, క్యూలోకి వెళ్ళేలోపే పంపినవారి అడ్రస్ మారిపోతుంది, కవరు మీదా ఫ్రమ్ లైన్లోనూ. లోకల్‌గా వెళ్ళే మెయిల్‌కి కూడా వర్తిస్తుంది.

ఎస్ఎంటిపి_జెనరిక్_మ్యాప్స్: మెయిల్ ఎస్ఎంటిపి మీద గడప దాటేటప్పుడు మాత్రమే మారుతుంది. లోపలి మెయిల్స్ పాత పేరుతోనే ఉంటాయి.

జెనరిక్ సులువు కదా అని చాలామంది అది పెట్టేస్తారు. కానీ డికిమ్ సంతకం అప్పటికే పడిపోయి ఉంటుంది, ఆ తర్వాత ఫ్రమ్ లైన్ మారితే సంతకం చెల్లదు. మీ సర్వర్లోనే సంతకం పెడుతుంటే కెనానికల్ వాడండి. క్యూలో పోస్ట్‌క్యాట్‌తో చూస్తే జెనరిక్ మార్పు కనిపించదు, అదీ గుర్తుంచుకోండి.

చెయ్యాల్సింది:

1. /ఈటిసి/పోస్ట్‌ఫిక్స్/సెండర్_కెనానికల్ ఫైల్లో ఎడమవైపు పాత అడ్రస్, కొంచెం ఖాళీ వదిలి కుడివైపు కొత్త అడ్రస్.
2. పోస్ట్‌కాన్ఫ్ -ఎం కొట్టి మీ సర్వర్‌కి ఏ రకం మ్యాప్ ఉందో చూడండి, హ్యాష్ ఉంటే అది, లేకపోతే ఎల్ఎండిబి.
3. ఆ ఫైల్‌కి పోస్ట్‌మ్యాప్ కొట్టండి, దాన్ని పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చేది అదే. ఫైల్ మార్చిన ప్రతిసారీ కొట్టాలి, మర్చిపోతే పాతదే నడుస్తుంది.
4. మెయిన్.సిఎఫ్‌లో సెండర్_కెనానికల్_మ్యాప్స్‌కి ఆ ఫైల్ ఇచ్చి పోస్ట్‌ఫిక్స్ రీలోడ్.
5. పోస్ట్‌మ్యాప్ -క్యూ తర్వాత పాత అడ్రస్ ఇచ్చి కొత్తది వస్తోందో లేదో చూడండి. ఏమీ రాకపోతే ఫైల్లోనే తప్పుంది, మెయిల్ పంపి చూడాల్సిన పనే లేదు.

ఇప్పుడు నన్ను రెండు రాత్రులు కూర్చోబెట్టిన విషయం. కెనానికల్ పెట్టాక కవరు మారింది, ఫ్రమ్ లైన్ మారలేదు. మ్యాప్ కరెక్టు, పోస్ట్‌మ్యాప్ కరెక్టు. కారణం లోకల్_హెడర్_రీరైట్_క్లయింట్స్. మామూలుగా సర్వర్ సొంత ఐపీ అడ్రస్‌ల నుంచి వచ్చిన మెయిల్‌కి, లోపల పుట్టిన మెయిల్‌కి మాత్రమే పోస్ట్‌ఫిక్స్ హెడర్లు ముట్టుకుంటుంది, కవరు మాత్రం ఎవరిదైనా మారుస్తుంది. ప్రింటరూ డాకర్ కంటైనరూ వేరే ఐపీ నుంచి వస్తాయి కాబట్టి వాటి హెడర్ అలాగే వదిలేస్తుంది. ఈ సెట్టింగ్‌లో పర్మిట్_ఐనెట్_ఇంటర్‌ఫేసెస్ పక్కన పర్మిట్_మైనెట్‌వర్క్స్, పర్మిట్_సాస్ల్_అథెంటికేటెడ్ చేర్చండి. మైనెట్‌వర్క్స్‌లో మీ సొంత రేంజ్ మాత్రమే ఉందో లేదో ముందు చూసుకోండి, ఎక్కువ రేంజ్ రాసేస్తే ఊళ్ళోవాళ్ళందరూ మీ సర్వర్ మీద స్పామ్ పంపుతారు.

ఒకే సర్వర్లో రెండు మూడు డొమైన్లుంటే అన్నిటినీ ఒకే అడ్రస్‌కి మార్చే పెద్ద రెగ్ఎక్స్‌ప్ రాయకండి. బయటినుంచి మీకొచ్చే మెయిల్స్‌లో పంపినవాళ్ళ పేరు కూడా మారిపోయే ప్రమాదం ఉంది.

7. డిఎన్ఎస్ వైపు

అడ్రస్ సరైందయ్యాకే ఇది. అడ్రస్ తప్పుగా వెళ్తున్నప్పుడు డిఎన్ఎస్ ఎంత సరిచేసినా లాభం లేదు.

ఎస్‌పిఎఫ్: డొమైన్‌కి ఒక్కటే ఎస్‌పిఎఫ్ రికార్డు ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు, పెర్మ్‌ఎర్రర్ అని వస్తుంది. రిలే సర్వీసోళ్ళు ఇచ్చినది రెండో రికార్డుగా కాకుండా ఉన్నదాంట్లోనే కలపండి. అది చెక్ చెయ్యడానికి పట్టే డిఎన్ఎస్ లుకప్‌లు 10 దాటకూడదు. మెయిన్ డొమైన్‌కి పెట్టిన ఎస్‌పిఎఫ్ సబ్‌డొమైన్‌కి రాదు. కవరు మీద రూట్@మెయిల్.మనకొట్టు.ఎగ్జాంపుల్ అని వెళ్తుంటే మెయిల్.మనకొట్టు.ఎగ్జాంపుల్‌కి విడిగా ఎస్‌పిఎఫ్ కావాలి. ఎలాగూ పెట్టండి, బౌన్స్ మెయిల్స్ కవరు ఖాళీగా వెళ్తాయి, అప్పుడు ఎస్‌పిఎఫ్ హెలో పేరుకే చూస్తారు.

డికిమ్: 2048 బిట్ల కీ ఒక టెక్స్ట్ ముక్కలో పట్టదు, ఒక ముక్క 255 అక్షరాలే. కోట్స్‌లో రెండు ముక్కలుగా పెట్టాలి, కొన్ని ప్యానెళ్ళు తామే విడగొట్టుకుంటాయి. ఇంకో సంగతి, క్రాన్ మెయిల్స్‌కి, పిహెచ్‌పి మెయిల్స్‌కి సంతకం పడట్లేదంటే నాన్_ఎస్ఎంటిపిడి_మిల్టర్స్ ఖాళీగా ఉందేమో చూడండి. ఎస్ఎంటిపిడి_మిల్టర్స్ ఒక్కటే పెడితే పోర్టు ద్వారా వచ్చిన మెయిల్‌కే సంతకం పడుతుంది.

డిమార్క్: మొదట పి=నన్ (ఫెయిలైనా ఏమీ చెయ్యొద్దు అని) పెట్టి రిపోర్టులు మీకు వచ్చేలా ఆర్‌యుఏలో మీ అడ్రస్ ఇవ్వండి. డిమార్క్ మామూలుగా సబ్‌డొమైన్‌నీ మెయిన్ డొమైన్‌నీ ఒకటిగానే లెక్కేసుకుంటుంది, స్ట్రిక్ట్ పెడితేనే అక్షరం తేడా లేకుండా కలవాలి. చిన్న కొట్టుకి స్ట్రిక్ట్ అవసరం లేదు.

ప్యానెల్‌లో రికార్డు పేరు రాసేటప్పుడు _డిమార్క్ అని మాత్రమే రాయాలా, వెనకాల డొమైన్ కూడా రాయాలా చూసుకోండి. చాలా ప్యానెళ్ళు డొమైన్ తామే తగిలిస్తాయి, మనం కూడా రాస్తే డొమైన్ రెండుసార్లు పడి రికార్డు ఎవరికీ దొరకదు. సేవ్ చేశాక డిగ్ కమాండ్ కొట్టి చూడండి, ప్యానెల్ చూపించేది నమ్మొద్దు.

జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి తమకి మెయిల్ పంపే అందరికీ ఎస్‌పిఎఫ్ గాని డికిమ్ గాని, పిటిఆర్‌తో పాటు ఉండాలని పెట్టింది, రోజుకి 5,000 దాటి పంపేవాళ్ళకి ఎస్‌పిఎఫ్, డికిమ్, డిమార్క్ మూడూ కావాలి. తక్కువ పంపినా మూడూ పెట్టుకోండి.

8. ఎవరి అడ్రస్‌తో వాళ్ళే పంపేలా కట్టడి

లాగిన్ అయినవాళ్ళు ఏ అడ్రస్‌తోనైనా పంపగలిగితే, ఒక పాస్‌వర్డ్ పోయిన రోజున మీ యజమాని పేరుతో మెయిల్స్ వెళ్తాయి. ఎస్ఎంటిపిడి_సెండర్_లాగిన్_మ్యాప్స్‌లో ఎడమవైపు అడ్రస్, కుడివైపు దాన్ని వాడే హక్కున్న లాగిన్‌లు కామాలతో రాయండి. తర్వాత మాస్టర్.సిఎఫ్‌లో సబ్మిషన్ సర్వీస్‌కి (లాగిన్ అయి పంపే పోర్టు) రిజెక్ట్_అథెంటికేటెడ్_సెండర్_లాగిన్_మిస్‌మ్యాచ్ పెట్టండి. వరసలో పర్మిట్_సాస్ల్_అథెంటికేటెడ్ కంటే ముందుండాలి, వెనకాల పెడితే అది చదివే లోపే అనుమతి వచ్చేస్తుంది.

ఎలియాస్‌లు వాడేవాళ్ళని మర్చిపోకండి. బిల్స్, సేల్స్ రెండూ ఒకే మనిషి చూస్తుంటే రెండు లైన్లూ ఉండాలి.

ఇది చూసేది కవరునే, ఫ్రమ్ లైన్‌ని కాదు. ఫ్రమ్ లైన్ కూడా పట్టుకోవాలంటే మిల్టర్ (మెయిల్‌ని చూసి చెక్ చేసే వేరే ప్రోగ్రాం) కావాలి, ఆర్‌స్పామ్‌డి అనే స్పామ్ ఫిల్టర్ వాడేవాళ్ళకి డికిమ్ సంతకం పెట్టేటప్పుడు లాగిన్ డొమైన్, ఫ్రమ్ డొమైన్ కలవకపోతే సంతకం పెట్టకుండా వదిలేసే అలవాటు ముందునుంచే ఉంది. ఉన్నట్టుండి ఒక్క యూజర్‌కే డికిమ్ పోయిందంటే అక్కడ చూడండి. సర్వర్ లోపల సెండ్‌మెయిల్ కమాండ్‌తో పంపేవాటికి ఈ కట్టడి తగలదు, దానికి పోస్ట్‌ఫిక్స్ 3.6 నుంచి లోకల్_లాగిన్_సెండర్_మ్యాప్స్ ఉంది.

9. ఎర్రర్ చూసి ఎక్కడికి వెళ్ళాలి

- 553 5.7.1, అడ్రస్ ఈ యూజర్‌ది కాదు అని: 8వ భాగం. మ్యాప్‌లో ఆ లైన్ లేదు, లేదా పోస్ట్‌మ్యాప్ కొట్టలేదు.
- 450 4.1.8, డొమైన్ దొరకలేదు అని: లోకల్‌డొమైన్ లాంటి పేరుతో వెళ్తోంది, 4వ భాగం.
- 504 5.5.2, పూర్తి అడ్రస్ కావాలి అని: @ తర్వాత డొమైన్ సగమే ఉంది, 5వ భాగంలో ప్రోగ్రాం సెట్టింగ్ చూడండి.
- జీమెయిల్ నుంచి 550 5.7.25: పిటిఆర్ లేదు లేదా ముందుకీ వెనక్కీ కలవట్లేదు. ఐపీవి6 మర్చిపోయారేమో చూడండి.
- జీమెయిల్ నుంచి 550 5.7.26: ఎస్‌పిఎఫ్, డికిమ్, డిమార్క్ దగ్గర ఆగింది, మళ్ళీ 3వ భాగం నుంచి మొదలెట్టి ఏ డొమైన్‌కి పాస్ అవుతోందో చూడండి.
- ఎర్రర్ ఏదీ లేదు, ఫ్రమ్ మాత్రం రిలే అకౌంట్ పేరుకి మారిపోతోంది: జీమెయిల్ ఎస్ఎంటిపి ద్వారా పంపితే, మీ అడ్రస్‌ని ఆ అకౌంట్‌లో పంపే అడ్రస్‌గా చేర్చుకోకపోతే అది తన అకౌంట్ అడ్రస్ పెట్టేస్తుంది. మీ సర్వర్లో వెతికి లాభం లేదు.

10. ఫార్వర్డ్ చేస్తున్నారా

మీ డొమైన్‌కి వచ్చిన మెయిల్‌ని అలాగే జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేస్తుంటే కవరు మీద పాత పంపినవారి పేరే ఉంటుంది, వాళ్ళ ఎస్‌పిఎఫ్‌లో మీ సర్వర్ ఉండదు కాబట్టి ఫెయిల్ అవుద్ది. పోస్ట్‌ఎస్ఆర్ఎస్‌డి అనే ప్రోగ్రాం పెడితే కవరు అడ్రస్‌ని మీ డొమైన్‌లోకి మార్చి పంపుతుంది. దీన్ని పోస్ట్‌ఫిక్స్‌లో కెనానికల్ మ్యాప్ లాగానే కడతారు, అలా కట్టేటప్పుడు సెండర్_కెనానికల్_క్లాసెస్‌లో ఎన్వలప్_సెండర్ ఒక్కటే ఉంచాలి, లేకపోతే ఫ్రమ్ లైన్ కూడా గజిబిజి అయిపోద్ది. 6వ భాగంలో మీరు పెట్టుకున్న మ్యాప్ ఫ్రమ్ లైన్‌ని మార్చడం కూడా దీంతో ఆగిపోతుంది, కాబట్టి రెండూ కావాల్సినవాళ్ళు ఆ ప్రింటర్‌కో సాఫ్ట్‌వేర్‌కో కెనానికల్_మ్యాప్స్ అనే వేరే సెట్టింగ్ వాడుకోండి.

11. అయిపోయింది అనుకునే ముందు

- ప్రతి ప్రోగ్రాం నుంచి విడివిడిగా ఒక్కో మెయిల్: బిల్లింగ్, వెబ్‌మెయిల్, ఫోన్, ప్రింటర్, క్రాన్.
- ప్రతిదానిలో రిటర్న్-పాత్, ఫ్రమ్ రెండూ మీ డొమైన్‌వే.
- డిమార్క్ పాస్. కుదిరితే ఎస్‌పిఎఫ్, డికిమ్ రెండూ కలిసి.
- కావాలని లేని అడ్రస్‌కి ఒక మెయిల్ పంపి, బౌన్స్ మనిషి చూసే మెయిల్‌బాక్స్‌కి వచ్చిందో లేదో.
- అవతలినుంచి రిప్లై కొట్టించి అది చేరిందో లేదో.
- వేరే యూజర్ అడ్రస్‌తో పంపడానికి ప్రయత్నిస్తే 553 వస్తోందో లేదో.
- హెడర్_చెక్స్, డిఫర్_ట్రాన్స్‌పోర్ట్స్ టెస్ట్ లైన్లు తీసేశారో లేదో.
- టిటిఎల్ మళ్ళీ 3600కి పెంచారో లేదో.

డిమార్క్ రిపోర్టులు కనీసం ఒక నెల చూడండి, నెలాఖరు స్టేట్‌మెంట్లు పంపే ప్రోగ్రాం లాంటివి నెలకోసారే బయటపడతాయి. మీవి కాని ఐపీలు తప్ప మిగతావన్నీ పాస్ అవుతుంటే అప్పుడు పి=క్వారంటైన్‌కి (ఫెయిలైతే స్పామ్‌లో వెయ్యి అని) మార్చండి. బావ దగ్గర అలా చూస్తుండగానే ఇంకోటి దొరికింది, గోడౌన్‌లో పాత కంప్యూటర్ ఒకటి ప్రతి నెలా 1న స్టాక్ లిస్టు ఇంకా పాత పేరుతోనే పంపుతోంది.